కాలు పట్టుకునే పని

లూయిస్టన్‌లో ఫిబ్రవరి. ఎముకలు కొరికే చలి.
తెల్లారి ఐదున్నరకి మోచేతుల దాకా చేతులు కడుక్కుంటూ
కండరాల పేర్లు గొణుక్కుంటున్నాను.
పక్క కుళాయి దగ్గర హోదాన్ నవ్వుతుంది:
"ఏం జపం, డెల్ఫీన్?"
పరీక్ష తల్లీ. యాభై రెండేళ్ళకి.

ఏం పని చేస్తావని అడిగితే ఒక్క ముక్కలో చెప్తాను:
కాలు పట్టుకుంటాను.
మనిషి బరువులో ఆరో వంతు కాలు.
మత్తులో ఉన్న కాలు ఇంకా బరువు,
తన సాయం తాను చేసుకోదు కనుక.
మడమ కింద అరచెయ్యి పెట్టి, ఎత్తి,
తొడ మీంచి కారే మందు ఆరేదాకా
కదలకుండా నిలబడాలి.
ముక్కు దురద పెట్టినా సరే.

మొదట పన్నెండేళ్ళు నేలమాళిగలో పనిముట్లు కడిగాను.
ఆవిరిలో ఉడికిన రంపాలు, సుత్తులు, ఉలులు;
వడ్రంగి కొట్టులోకి వచ్చానా అనుకున్నాను తొలిరోజు.
తర్వాత పై అంతస్తు. అడగకముందే అందించడం.
డాక్టర్ విట్కమ్ చెయ్యి చాచే తీరులోనే తెలిసిపోయేది
ఆయనకేం కావాలో, రాత్రి నిద్ర పట్టిందో లేదో.
ఇప్పుడు మూడో మెట్టు:
కండని పక్కకి లాగి పట్టడం, నెత్తురు తుడవడం,
సిమెంటు గట్టిపడేదాకా ఊపిరి బిగబట్టడం,
చివర్న తోలు కుట్టడం.
చేతులకి ఎప్పుడో వచ్చిన పనే.
ఇక కాగితం మీదికి రావాలి.

కాగితం చాలా అడుగుతుంది.
ఎన్ని కేసులు, ఎన్ని గంటలు, ఎవరి సంతకం.
వంటింటి బల్ల మీద లాగ్‌బుక్కు,
పక్కన చల్లారిన బఠాణీ సూపు.
మోకాలి వెనక ఏ రక్తనాళానికి ముప్పు?
లోహపు కొస అటు జారబోతే
నా మణికట్టు దానంతటదే ఆగిపోతుంది.
పేరు మాత్రం నాలుక మీద తిరగబడుతుంది.

బల్లకి అటుపక్క అమ్మ.
అమ్మది బూట్లు కుట్టే పని. రెండు సూదులు, మైనం పూసిన దారం.
చూపుడువేలి మీద దారం కోసిన గాడి ఇప్పటికీ ఉంది.
ఫ్యాక్టరీ మూతపడే ముందు ఏడాది
కుట్టు వంకర పోయిందని ఫోర్‌మన్ కూలి కోశాడు, మూడుసార్లు.
నాలుగోసారి పనే పోయింది.
ఆ సాయంత్రం అమ్మ అతని గదికి వెళ్ళొచ్చింది.
"కాళ్ళు పట్టుకున్నాను" అంది.
అంతకు మించి చెప్పలేదు.

గురువారం వరస మారి ముందుకొచ్చిన కేసు.
కాలెత్తి పట్టాను, మందు ఆరింది, దించాను.
కోతకు ముందు అందరం ఆగి పేరు పైకి చదువుతాం.
హోదాన్ చదివింది:
లీలాండ్ ఫ్రెచెట్. ఎడమ మోకాలు.

నీలం గుడ్డల మధ్య మోకాలొక్కటే కనిపిస్తుంది.
మోకాలికి ముఖం ఉండదు.
అరిగిన ఎముక, పాత దంతపు దువ్వెన రంగులో.
సిమెంటు ఘాటు. గోడ గడియారం. ఎవరూ మాట్లాడరు.
ఆ నిమిషాల్లో నేనేం అనుకున్నానో చెప్పను.
ఏమీ అనుకోలేదంటే మీరు నమ్మరు.

"మూసెయ్యి డెల్ఫీన్" అంటూ డాక్టర్ వెనక్కి జరిగాడు.
పొర మీద పొర కుట్టుకుంటూ వచ్చాను.
లోపలి కుట్లు ఎవరూ చూడరు.
అవీ తిన్నగానే వేశాను.

రాత్రి లాగ్‌బుక్కులో రాశాను:
తేదీ. ఎడమ. మొదటి సహాయకురాలు.
ఇంకేమైనా రాసుకోవడానికి ఆ పేజీలో గడి లేదు.
ఎవరికి చేశారని అమ్మ అడగదు, అడగకూడదని తెలుసు.
"తిన్నగా వచ్చాయా?" అంది, రోజూ అడిగేదే.
వచ్చాయన్నాను.
వేలి మీది గాడిని బొటనవేలితో రుద్దుకుంటూ
"మరీ బిగించకు. తోలుకి ఊపిరాడాలి" అంది.

పరీక్ష మార్చి పధ్నాలుగు.
మణికట్టు ఎముకలు ఎనిమిదిట్లో ఇంకా రెండు మర్చిపోతున్నాను.
రేపు ఆరింటికి తుంటి.
భారీ మనిషట.